రండి సహోదరీ

ప్రార్థన మందిరం వెనక గది. ఒక బల్ల, రెండు కుర్చీలు, మేకుకి తగిలించిన తెల్ల అంగీ. తలుపు అవతల హాల్లో బెంచీలు నిండుతున్నాయి. గదిలో ఇద్దరు: ఆ ఉదయం పాస్టరుగా బాధ్యత తీసుకోబోతున్న యువకుడు, అతని అక్క.

“గట్టిగా అరవకు అక్కా. తలుపు పల్చన.”

“అరుస్తాను. పల్చనైతే మంచిదే, అందరూ వింటారు. ఏమన్నావురా అమ్మని?”

“ఏమన్నాను?”

“ఇందాక, గుమ్మం దగ్గర. చేతులు కట్టుకుని నిలబడి, వచ్చేవాళ్ళందరినీ పలకరిస్తున్నావుగా. అమ్మ నీ ముందుకొచ్చి నిలబడింది. ఏమన్నావు?”

“రమ్మన్నాను. కూర్చోమన్నాను.”

“మాటలు మింగకు. అన్నది అన్నట్టు చెప్పు.”

“అక్కా, ఇంకాసేపట్లో ఆరాధన మొదలవుతుంది...”

“‘రండి సహోదరీ, కూర్చోండి.’ అదీ నువ్వన్నది. కన్నతల్లిని! ఆవిడ వెనక నేనున్నాను. నన్నూ చూశావు. నాకూ అదే. ‘రండి సహోదరీ.’ తల్లీ కూతుళ్ళిద్దరినీ ఒక్క మాటతో దులిపేసుకున్నావు.”

“ఇక్కడ అందరినీ అలాగే పిలుస్తాం. అందరం దేవుడి కుటుంబం. ఆ మాటలో తక్కువేం లేదు.”

“సహోదరి అంటే ఏంటో తెలుసా నీకు? ఒకే కడుపున పుట్టిందని. బళ్ళో తెలుగు మాస్టారు బెత్తం పట్టుకుని మరీ చెప్పారు. నన్నను, పడతాను. నేను నీ సహోదరినే, నా ఖర్మ. అమ్మా నువ్వూ ఒకే కడుపున పుట్టారా?”

“అర్థాలు తియ్యకు అక్కా. కంగారులో అనేశాను. మిమ్మల్ని చూస్తానని అనుకోలేదు. అసలు నేనిక్కడున్నానని ఎలా కనుక్కున్నారు?”

“ఓహో. ‘ఎలా ఉన్నారు’ కాదు, ‘ఎలా కనుక్కున్నారు’! పట్టుబడ్డ దొంగ అడిగే మాట ఇది.”

“అది కాదు.”

“చెప్తాను విను. లాండ్రీలో నా పక్కన దుప్పట్లు మడిచే ఆవిడ ఫోన్లో నువ్వు మందిరంలో నిలబడి నీ కథ చెప్పుకున్న సాక్ష్యం పెట్టుకుని వింటోంది. మడుస్తోంది, కళ్ళు తుడుచుకుంటోంది. ‘పాపం, ఈ అబ్బాయికి ముందూ వెనకా ఎవరూ లేరంట. తల్లి మొహం కూడా ఎరగడంట. దేవుడే చేరదీశాడంట. నువ్వూ విను’ అని నా చెవి దగ్గర పెట్టింది. విన్నాను. నీ గొంతు. నిలబడిపోయాను. మెషిన్లోంచి వస్తున్న దుప్పట్లు వస్తున్నట్టే కిందపడుతున్నాయి, సూపర్‌వైజరు అరుస్తున్నాడు, నాకు వినబడట్లేదు.”

“అమ్మ విందా?”

“వినిపించాను. ఆ తప్పు నాదే. ఏమందో చెప్పనా?”

“వద్దు.”

“చెప్తాను. అందులో నీ జ్వరం కథ ఉంది చూడు. వానలో ఎవరో పరాయి ఆవిడ నిన్ను వీపు మీద వేసుకుని డాక్టరు దగ్గరికి మోసుకెళ్ళిందనీ, ఆవిడెవరో ఇప్పటికీ తెలీదనీ, దేవుడే పంపాడనీ. అది విని అమ్మ నవ్వింది. ‘చూశావా, వాడికి గుర్తుంది’ అంది. పరాయి ఆవిడ అంటున్నాడే అమ్మా అన్నాను. ‘ఎవరైతేనేం, మోసిందని చెప్పాడుగా’ అంది. అప్పుడు మొదలైంది నాకు ఒళ్ళు మంట. ఇంకా ఆరలేదు.”

“అమ్మ బాగా చిక్కిపోయింది.”

“కళ్ళు పనిచేస్తున్నాయన్నమాట. నోరే పనిచెయ్యట్లేదు.”

“నాన్న ఎలా...”

“పోయాడు.”

“ఎప్పుడు?”

“నీకెందుకు? సాక్ష్యంలో ఎప్పుడో చంపేశావుగా. కొత్తగా బాధపడేదేముంది?”

“నేను ఆ మాట ఎందుకు అనాల్సొచ్చిందో నీకు తెలుసు. ఆ రోజు ఇంట్లో ఏం జరిగిందో నువ్వు చూశావు.”

“చూశాను.”

“ఈ ఊళ్ళో వచ్చి పడ్డాను. పెద్ద పాస్టరు గారు ఈ మెట్ల మీద నన్ను చూసి, ‘నీకెవరున్నారు బాబూ’ అన్నారు. నాన్న ఉన్నాడంటే తీసుకెళ్ళి అప్పజెప్పేస్తారు. ఎవరూ లేరన్నాను. అంతే అక్కా. ఒక్క మాట.”

“ఆ రోజు అన్నావు, సరే. నేనైనా అదే అంటాను. మర్నాడు?”

“మర్నాడు ఆదివారం. ఆయన నన్ను అందరి ముందూ నిలబెట్టి, ‘ఈ పిల్లవాడికి ఎవరూ లేరు, ఇవాళ్టి నుంచి మనమే’ అన్నారు. హాలంతా లేచి నిలబడింది. ఈ మందిరానికొచ్చే టీచరమ్మ ఒకావిడ నన్ను వాళ్ళింటికి తీసుకెళ్ళింది. అన్నం పెట్టింది. వాళ్ళబ్బాయి చొక్కాలు తీసిచ్చింది.”

“వాళ్ళబ్బాయి ఏమన్నాడు?”

“లేడు. చనిపోయాడు. నా వయసే. ఆ చొక్కాలు అప్పటిదాకా ఎవరినీ ముట్టుకోనివ్వలేదట. ఆవిడతో ఏం చెప్పమంటావు? నాకు అమ్మ ఉందండీ, మీ చొక్కాలు మీరు తీసేసుకోండి అననా?”

“అనాల్సింది.”

“అనలేకపోయాను. తరవాత అదే సాక్ష్యంగా చెప్పమన్నారు. చెప్పాను. ఏడ్చారు. పక్క ఊరివాళ్ళు పిలిచారు. అక్కడా చెప్పాను. చెప్పగా చెప్పగా...”

“బాగా చెప్పడం వచ్చేసింది.”

“ఎద్దేవా చెయ్యకు.”

“ఎద్దేవా కాదు, మెచ్చుకుంటున్నాను. పరాయివాళ్ళని ఏడిపించడానికి ఎంత కష్టపడ్డావో. మేము ఊరికే ఏడ్చాం, ఎవరూ చెప్పకుండానే.”

“బాబూ! లోపలున్నావా? గడియ పెట్టావేంటి?”

“టీచరమ్మ. అక్కా, నీకు దండం పెడతాను, ఒక్క నిమిషం నోరు...”

“తలుపు తియ్యి ముందు.”

“పెద్ద పాస్టరు గారు వచ్చేశారు నాయనా. నువ్వింకా ఇలాగే... ఈవిడెవరు?”

“ఈవిడా? సహోదరి. లాండ్రీలో పనిచేస్తారు.”

“అవునండీ. లాండ్రీలోనే చేస్తాను.”

“అమ్మయ్య, అడక్కుండానే వచ్చారు! ఆ అంగీ చూడమ్మా, భుజాల దగ్గర ఎలా నలిగిపోయిందో. పెట్టెలో మడతల్లో ఉండిపోయింది. ఇస్త్రీ పెట్టె ఆ బల్ల కిందే ఉంది. నేనే చేద్దును, బయట వచ్చేవాళ్ళని చూసుకోవాలి. ఏమనుకోవుగా?”

“మీరింత చక్కగా అడిగితే ఏమనుకుంటాను.”

“మా దగ్గర ఒక పద్ధతుందమ్మా. కొత్త పాస్టరుకి తొలిరోజు తల్లే తన చేత్తో అంగీ తొడిగి, చెయ్యి పట్టుకుని ఈ తలుపులోంచి హాల్లోకి తీసుకురావాలి. ఈయనకెవరూ లేరు కదా. నన్ను తొడగమన్నారు. అందుకే ఈ హడావుడి.”

“మీరు తొడుగుతారా.”

“నేనే. వస్తాను బాబూ, వచ్చినవాళ్ళని సర్ది కూర్చోబెట్టి. కాసిని నీళ్ళు తాగు. మొహం పాలిపోయింది.”

“అలాగే టీచరమ్మా.”

“...వెళ్ళిందా? ‘సహోదరి. లాండ్రీలో పనిచేస్తారు.’ అబ్బ! ఒక్క ముక్క అబద్ధం లేదు, ఒక్క ముక్క నిజం లేదు. పాస్టర్ల బళ్ళో ఇదేనా నేర్పింది?”

“ఆ ఇస్త్రీ వదిలెయ్. నువ్వు చెయ్యక్కర్లేదు.”

“ఉండు. నీ కోసం కాదు. భుజం అలా నలిగి వేలాడుతుంటే నేను చూడలేను. ప్లగ్గెక్కడ?”

“కుర్చీ వెనక.”

“ఆవిడని టీచరమ్మా అంటావు. అందులో అమ్మ ఉంది. అమ్మని సహోదరీ అంటావు. అందులో నీ మొహం ఉంది.”

“మధ్యాహ్నం వస్తాను. ఇదంతా అయిపోయాక. ఇంకా ఆ ఇంట్లోనే ఉన్నారు కదా, వచ్చి అమ్మ కాళ్ళు పట్టుకుంటాను. తరవాత కూడా వస్తూ ఉంటాను, ఎవరి కంటా పడకుండా.”

“ఎవరి కంటా పడకుండానా? తల్లిని చూడ్డానికి చాటుగా రావడమేంటిరా, అదేమన్నా సారా కొట్టా?”

“మరి నన్నేం చెయ్యమంటావు?”

“బయటికెళ్ళు. అమ్మ ఆఖరి బెంచీలో కూర్చుంది. తలుపు పక్కన. ఎవరైనా లేవమంటే లేవడానికి వీలుగా ఉంటుందని అక్కడ కూర్చుంది. ఆ బెంచీ దాకా నడువు. చెయ్యి పట్టుకుని ‘ఈవిడ మా అమ్మ’ అను. అంతే. తీసుకెళ్ళిపోతాను, మళ్ళీ నీ జోలికి రాను.”

“ఇవాళా? ఇవాళే అనాలా?”

“ఇవాళ కాకపోతే ఎప్పుడంటావు? ఈ అంగీ ఒంటి మీదికొచ్చాక నీ నాలుక ఇంకా బరువెక్కుతుంది.”

“నన్ను నమ్మి ఈ పని ఇస్తున్నారు అక్కా. ఇన్నాళ్ళూ వీళ్ళ మొహం మీద అబద్ధమాడానని తెలిస్తే ఈ గుమ్మంలో నిలబడనిస్తారా? నాకున్నది వీళ్ళే.”

“మళ్ళీ అదే మాట! నాకున్నది వీళ్ళేనట!”

“నేనన్నది అది కాదు...”

“అదే అన్నావు. నా ఎదురుగా అన్నావు.”

“ప్రభువు కూడా, తల్లీ తమ్ముళ్ళూ బయట నిలబడ్డారని కబురొస్తే, దేవుడి మాట వినేవాళ్ళే నా వాళ్ళన్నాడు. ఇక్కడ లెక్క రక్తం కాదు...”

“ఆయన్ని అడ్డం పెట్టుకోకు. ఆయనకి తల్లి ఉందని ఊరందరికీ తెలుసు. నాకెవరూ లేరని చెప్పుకు తిరగలేదు. ప్రాణం పోతుంటే కూడా ఆవిడని ఎవరి చేతుల్లో పెట్టాలా అని చూసుకున్నాడు. నీకేమైందిరా? బాగానే ఉన్నావుగా, మేకులేం దిగలేదుగా.”

“ఇవన్నీ నీకెప్పటి నుంచి తెలుసు?”

“నీ సాక్ష్యం అయ్యాక ఆ ఫోన్లో వరసగా ప్రసంగాలే వస్తాయి. దుప్పట్లు మడుస్తూ వింటున్నాను. దేవుడి కుటుంబం, దేవుడి కుటుంబం. వింటుంటే బాగానే ఉంటుంది. పెద్ద ఇల్లు, అందరికీ చోటు. ఒక్కటే బోధపడలేదు నాకు. అంత పెద్ద ఇల్లు మా అమ్మ గుమ్మంలోకి వచ్చేసరికి ఎందుకు ఇరుకైపోయింది?”

“అక్కా, కాలుతోంది. పెట్టె ఎత్తు!”

“కాలలేదు.”

“వాసనొస్తోంది.”

“నీళ్ళు జల్లాను, ఆ తడి ఆరే వాసన అది. మాట మార్చకు. బస్సులో వస్తున్నంతసేపూ అమ్మ నాకు ఒకటే నూరిపోసింది. ‘వాణ్ణి ఏమీ అనకు, ఒక మూల కూర్చుని చూసి వచ్చేద్దాం’ అని. సరేనన్నాను. నువ్వు నోరు తెరిచేదాకా సరేననే ఉన్నాను. నువ్వు సహోదరీ అన్నప్పుడు అమ్మ మొహం నేను చూశాను. నువ్వు చూడలేదు. వెనక వస్తున్న వాళ్ళని చూస్తున్నావు, వాళ్ళకేమైనా అనుమానమొచ్చిందేమోనని.”

“...చూశాను అక్కా. నేనూ చూశాను.”

“చూసే ఇలా నిలబడ్డావా? ...ఉండు, మీ టీచరమ్మ గొంతు.”

“ఇలా రండమ్మా, మెల్లిగా. గడపుంది, చూసుకోండి. బాబూ, ఈ పెద్దావిడ తలుపు గాలికి ముడుచుకుపోయి కూర్చున్నారు. ముందుకి రమ్మంటే రారు, ఎవరితో వచ్చారంటే చెప్పరు. పైగా కళ్ళనీళ్ళు. నువ్వొక మాట ప్రార్థన చేస్తావని తీసుకొచ్చాను.”

“నాకేం వద్దు టీచరు గారూ. ఆయనకి పనుంటుంది. నేను బయటుంటాను.”

“అమ్మా! రా, ఇక్కడ కూర్చో.”

“మీ అమ్మగారా? ముందే చెప్పరేమమ్మా, మీ అమ్మాయి ఇక్కడే ఉందని! ఇంకా పిల్లలున్నారా మీకు?”

“చెప్పమ్మా. టీచరు గారు అడుగుతున్నారు. ఉన్నారా?”

“ఇదొక్కతేనండీ.”

“అమ్మా!”

“నువ్వూరుకో. ఒకడుండేవాడండీ. చిన్నతనంలోనే పోయాడు.”

“నోటికేదొస్తే అది అంటావేంటమ్మా! ఎవరి కోసం...”

“ఊరుకోమన్నానా!”

“అమ్మాయి మీద కోప్పడకండి. నాకు తెలుసు, ఆ మాట ఇంట్లో ఎవరూ అననివ్వరు. నాకూ ఒక్కడే ఉండేవాడమ్మా. మీవాడు ఎలా ఉండేవాడు?”

“మంచివాడండీ. వాగుడుకాయ. గిన్నెలన్నీ బోర్లించి వరసగా పెట్టి వాటికి పాఠాలు చెప్పేవాడు. ఒక్క గిన్నె తీస్తే ఒప్పుకునేవాడు కాదు. వింటోంది తియ్యకు అనేవాడు. వంట ఆగిపోయేది నాకు.”

“ఈయనలాగే అన్నమాట! విన్నావా బాబూ? ...ఒక మాట చెప్తాను, కాదనకు. నీకు తల్లి లేదు. ఈవిడకి కొడుకు లేడు. ఇవాళ ఈ అంగీ ఈవిడ తొడగనీ.”

“టీచరమ్మా, అది... అది మీరు చెయ్యాల్సింది.”

“నేను ఇన్నేళ్ళు చేశాను కదా, ఈ ఒక్క పూటకి నాకేం తరగదు. దేవుడి కుటుంబం అని ప్రతి ఆదివారం అనుకుంటాం. ఇంకెప్పుడు ఆ మాట పనికొచ్చేది? తొడగండమ్మా. మీవాడే అనుకోండి.”

“నాకు నవ్వొస్తోంది. ఏడుపు రావాలి, నవ్వొస్తోంది.”

“ఎందుకమ్మా నవ్వు?”

“ఏం లేదు టీచరు గారూ. ఇదిగో అమ్మా. ఇంకా వేడిగా ఉంది. మీవాడే అనుకోమంటున్నారు, అనుకో.”

“నేనా? ఇంత తెల్లగా ఉంది. నా చేతులు...”

“మీ చేతులకేమమ్మా. వంగు బాబూ, ఆవిడకి అందడం లేదు.”

“ఇంకాస్త వంగు నాయనా. ఆ. కుడిది కాదు, ఎడం చెయ్యి ముందు పెట్టు. అది పైకి లేవదు కదా, కుడిది ముందు తొడిగితే దాన్ని లాగాల్సొస్తుంది, నొప్పెడుతుంది. ఊఁ, మెల్లిగా. ఇప్పుడు రెండోది.”

“ఏమన్నారు?”

“ఏమీ అనలేదండీ.”

“ఆ చెయ్యి లేవదని మీకెలా తెలుసు?”

“ముసలిదాన్ని కదండీ. చూస్తే తెలిసిపోతుంది.”

“నాకు తెలీలేదే. రోజూ చూశాను, ఎన్నాళ్ళకో తనే చెప్తే తెలిసింది. రైల్లోంచి దిగుతూ పడ్డానని చెప్పాడు. బాబూ, ఈవిడకెలా తెలుసు?”

“ఏదో వాగానండీ. నాకు మతి ఉండదు. పదవే, మనం వెళ్దాం. పద.”

“నేను రాను. చెప్పరా. అమ్మ చెప్పదు. నేను చెప్పను. నువ్వే.”

“...రైల్లోంచి పడలేదు టీచరమ్మా. మా నాన్న విరగ్గొట్టాడు. తాగొచ్చి. ఈవిడ అడ్డం వస్తే ఈవిడనీ కొట్టాడు. ఆ చెయ్యి ఇక లేవలేదు. మళ్ళీ కొట్టబోయిన రోజు పారిపోయి వచ్చాను. ఈవిడ మా అమ్మ. అది మా అక్క.”

“ఎందుకు చెప్పావురా! ఇవాళ చెప్తావా! నేను సర్దేస్తున్నాను కదా, ఎందుకు చెప్పావు?”

“అమ్మ ఉందన్నమాట.”

“టీచరమ్మా...”

“కాసేపు ఆ మాట అనకు. నాకు కొడుకు పోయాడు. నడిరోడ్డు మీద వాడి ఈడు పిల్లవాడు ఎదురైతే ఏమవుతుందో నాకు తెలుసు. ఈవిడ అలాగే తిరిగింది, కొడుకు బతికుండగా. నేనేమో ఈవిడ కొడుక్కి అన్నం పెడుతూ, నాకిచ్చినందుకు దేవుడికి స్తోత్రం చెప్పుకుంటూ కూర్చున్నాను. నన్ను తల్లిని చేశావనుకున్నాను. దొంగని చేశావురా.”

“అంత మాట అనకండి టీచరు గారూ. మీరు పెట్టిన అన్నం తినే కదా వాడు ఇంతవాడయ్యాడు. మీరే లేకపోతే...”

“మీరు కోప్పడండమ్మా! ఎవరో ఒకరి మీద కోప్పడండి! వాడి మీదో, నా మీదో! మీరిలా మాట్లాడితే నేను ఎక్కడ నిలబడను?”

“ఆవిడకి రాదండీ. ఆవిడ వాటా కోపం కూడా నేనే పడుతున్నాను, పుట్టిన దగ్గర్నుంచి.”

“హాల్లో పాట మొదలైంది. నేను వెళ్ళాలి.”

“మొదలవనీ. ఆ తలుపు తెరిచి వాళ్ళకి చెప్పు. అమ్మ ఉందని, అక్క ఉందని. ఇన్నాళ్ళూ ఏమేం చెప్పావో ఒక్కోటీ విప్పు.”

“చెప్తే ఉండనిస్తారా టీచరమ్మా?”

“నాకు తెలీదు. వాళ్ళ సంగతి వదిలెయ్, నా సంగతే నాకు తెలీదు. నాకిప్పుడు నీ మొహం చూడాలని లేదు.”

“టీచరు గారూ, బాబు చిన్నవాడు, ఏదో...”

“అమ్మా, నువ్వు మాట్లాడకు! చిన్నవాడట! పాస్టరవుతున్నాడు!”

“వాళ్ళు పొమ్మంటే నేనెక్కడికి వెళ్ళాలి అక్కా?”

“ఎక్కడికేంటి! పొమ్మంటే ఇంటికి తగలడు! నీ మంచం ఇంకా ఆ కిటికీ కిందే ఏడ్చింది.”